చెక్కు చెదరని బాబాయి

మా బాబాయి ఇంటికి వెళ్తే కూర్చోవడానికి చోటు దొరకదు. ఇల్లు చిన్నదని కాదు. కోనసీమలో ఇంకా ఎవరూ పడగొట్టకుండా మిగిలిన మండువా లోగిలి అది. సావిట్లో పందిరి మంచం, పడక కుర్చీ, ఇత్తడి గొలుసుల ఉయ్యాల బల్ల, గోడవారగా ఏనుగంత భోషాణం. పాతికమంది కూర్చునేంత చెక్క సామానుంది.

“కూర్చోరా” అంటాడు బాబాయి.

మనం ఉయ్యాల బల్ల వైపు ఒక అడుగు వేస్తాం. “అక్కడొద్దు, కొంకి వదులైంది.” పడక కుర్చీ వైపు తిరుగుతాం. “దాని చేతుల మీద చెయ్యి ఆనించకు, చెమట మచ్చ పడుతుంది.” చేతులు ఆనించకుండా పడక కుర్చీలో పడుకోవడమెలాగో ఆలోచిస్తూ నిలబడతాం. ఈలోగా లోపల్నుంచి పిన్ని ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి వేస్తుంది. బాబాయి ఇంకోటి లాక్కుని ఎదురుగా కూర్చుంటాడు. ఇక చుట్టూ టేకు, కింద ప్లాస్టిక్. ఆ ప్లాస్టిక్ మీద కూర్చుని రెండు గంటలు టేకు గొప్పదనం వినాలి.

ఇలాంటి మనిషి ప్రతి వంశంలోనూ ఒకడుంటాడు. మీ ఇంట్లో ఆయన పెదనాన్న కావచ్చు, మేనత్త కావచ్చు. ఆనవాళ్ళు మాత్రం ఒకటే. మొలతాడుకో, కొంగుకో ఒక తాళంచెవి ఉంటుంది. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు తాగేలోపు గుమ్మాన్ని వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, చెవొగ్గి విని, పెదవి విరుస్తాడు. మనుషుల్ని కూడా కర్రల్లాగే చూస్తాడు. మనం ఎవరినైనా చేవ ఉన్నవాడంటే ఏదో మాటవరసకి అంటాం. బాబాయికి అది కొలత. చెట్టు నడుమ ముదిరి రంగు తేలిన భాగం చేవ. దాన్ని పురుగు అంత తొందరగా ముట్టదు. చుట్టూ ఉన్న లేతచెక్క మీదే దాని కన్నంతా. మా చెల్లెలికి సంబంధం వచ్చినప్పుడు పెళ్ళికొడుకుతో పది నిమిషాలు మాట్లాడి వచ్చి, “పైచెక్కే ఎక్కువ కనిపిస్తోందిరా” అన్నాడు. ఆ పైచెక్కే ఇవాళ బ్యాంకు మేనేజరు. బాబాయి మాట మార్చలేదు. “ముప్పయ్యేళ్ళేగా అయింది, పుచ్చు పట్టడానికి ఇంకా టైముంది” అంటాడు.

ఈ సామాను ఆయన చేతికెలా వచ్చిందో చెప్పాలి. తాత పోయాక అన్నదమ్ములు ముగ్గురూ పంపకాలకు కూర్చున్నారు. పెదనాన్న రోడ్డు పక్క చేను అడిగాడు. మా నాన్న కొబ్బరితోట తీసుకుని, నాలుగేళ్ళు తిరక్కుండా అమ్మేసి హైదరాబాదులో ఫ్లాటు కొన్నాడు. బాబాయి మాత్రం, “నాకీ ఇల్లూ ఇందులో ఉన్న కర్రముక్కలూ చాలన్నయ్యా” అన్నాడు. ఆ వినయం చూసి అందరూ కళ్ళు తుడుచుకున్నారట. కర్రముక్కలంటే ఎన్నో అప్పటికి ఎవరూ లెక్కపెట్టలేదు. పెళ్ళి పీటల దగ్గర మాత్రం పెదనాన్న మొండికేశాడు. ఒకే పనసచెట్టు మానులోంచి కోసిన జంట పీటలవి. తాత పెళ్ళి, ముగ్గురు కొడుకుల పెళ్ళిళ్ళు వాటి మీదే జరిగాయి. పెద్దమనుషులు రాత్రి పది దాకా తేల్చి తేల్చి, చెరో పీట ఇచ్చేశారు.

చేను తగాదా ఏనాడో సద్దుమణిగింది. పీటల తగాదా ఇప్పటికీ పచ్చగానే ఉంది. లోకంలో పెళ్ళిళ్ళు పీటల మీద ఆగిపోతాయి. మా వంశంలో పీటల కోసం ఆగిపోతాయి. వధువు పీట ఒకరింట్లో, వరుడి పీట ఇంకొకరింట్లో. ముహూర్తం పెట్టించాలంటే ముందు అన్నదమ్ముల మధ్య మాటలున్నాయో లేవో కనుక్కోవాలి. నాన్న వాటాకి పీట రాలేదు గనక మధ్యవర్తిత్వం వచ్చింది. పెళ్ళికి రెండు రోజుల ముందు ఆయన స్కూటర్ మీద పెదనాన్న పీట తెచ్చేవాడు. దాన్ని చూడగానే బాబాయి తన పీట తెచ్చి పక్కన పెట్టి, రెంటినీ తిప్పి తిప్పి చూసి, “నాది నిగనిగలాడుతోంది. అక్కడ దాని మీద ఉల్లిపాయలు తరుగుతున్నట్టున్నారు” అనేవాడు. ఆ మాట భోజనాల వేళకి పెదనాన్న చెవిన పడేది. పెళ్ళి నాడు జంట పీటల మీద పిల్లాపిల్లవాడూ పక్కపక్కన, పందిట్లో అన్నదమ్ములు చెరో మూల. పెదనాన్న పోయినప్పుడు బాబాయి పసిపిల్లాడిలా ఏడ్చాడు. పదకొండో రోజు వాళ్ళబ్బాయిని పక్కకి పిలిచి పీట ఎక్కడుందని అడిగాడు.

భోషాణం సంగతి వేరు. నిజం చెప్పొద్దూ, అది గొప్ప పనే. మేకన్నది కనపడదు. కుసి బెజ్జంలో కూర్చున్న తీరు చూస్తే, అంటించారో పుట్టుకతోనే అలా ఉందో తెలియదు. మూత మొత్తం ఒక్కటే పలక. వెనకటి రోజుల్లో దస్తావేజులు, పట్టుచీరలు, వెండి గిన్నెలు లోపల పెట్టి తాళం వేసి, దాని మీదే పక్క పరుచుకుని ఇంటాయన పడుకునేవాడు. దొంగ ముందు యజమానిని లేపాలి, తర్వాత భోషాణం తెరవాలి. అంత పకడ్బందీ ఏర్పాటు ఏ లాకరుకీ లేదు.

చిక్కల్లా దాని వయసుతోనే. నా చిన్నప్పుడు, 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటిన ఆ వరదప్పుడు, మా ఇంట్లోకీ నీళ్ళొచ్చాయి. నలుగురు మనుషులు భోషాణాన్ని ఎత్తి ఇటుకల మీద పెట్టారు. నేను పక్కనే ఉన్నాను. అప్పట్లో అది “మా తాత చేయించినది”. 1996 నవంబరు తుపానులో కొబ్బరిచెట్లన్నీ పడుకున్న రాత్రి, ఇంటి పెంకులు లేచిపోతుంటే బాబాయి టార్పాలిన్ తెచ్చి భోషాణం మీద కప్పాడు. పిన్ని గొడుగు పట్టుకుంది, అది కూడా భోషాణం మీదే. తుపాను వెలిశాక అది “మా ముత్తాత నాటిది” అయింది. ఇప్పుడు పెద్దాపురం సంస్థానంలోంచి వచ్చిందంటున్నాడు. గాలివానకొక తరం చొప్పున వెనక్కి పోతోంది. ఇంకో రెండు తుపాన్లొస్తే రాజరాజనరేంద్రుడి దగ్గరికి చేరి, నన్నయగారి తాటాకులు ఇందులోనే దాచారని వింటాం. ఆ వరదలో నలుగురు ఎత్తింది కూడా ఇప్పుడు బాబాయి ఒక్కడే ఎత్తినట్టయింది.

కర్ర ఊరు కూడా మారింది. “రంగం టేకురా ఇది!” అంటాడు. కోస్తా జిల్లాల నుంచి మనవాళ్ళు వేలమంది ఓడలెక్కి రంగూను వెళ్ళిన మాట నిజమే. అక్కడి టేకుతో ఇక్కడ మేడలు లేచిన మాటా నిజమే. మా తాత మాత్రం జీవితంలో యానాం దాటలేదు. ఒకసారి మూత బందు వదులైతే ఊళ్ళో వడ్రంగి వచ్చాడు. చుట్టూ తిరిగాడు, వంగాడు, వేలితో కొట్టి విన్నాడు.

“ఇది రంగం టేకు కాదండి బాబుగారూ. మన గోదారి టేకేనండి. ఎగువ మన్యం నుంచి దుంగలు తెప్ప కట్టి రాజమండ్రి దింపేవోరు, అదండి. అడుగైతే అసలు టేకే కాదు. మామిడి.”

“అడుగు సంగతి నిన్నెవరడిగారయ్యా?” అన్నాడు బాబాయి.

వడ్రంగికి కూలి ఇచ్చాడు, కాఫీ ఇప్పించలేదు. ఆ తర్వాత రెండు నెలలు భోషాణం కింద ఊడ్చేటప్పుడు పనిమనిషి వంగితే కూడా ఊరుకునేవాడు కాదు.

పోషణ గురించి చెప్పాలంటే, మా ఇళ్ళల్లో బాలింతకి కూడా అంత జరగదు. పొద్దున్నే పళ్ళు తోమకుండా టార్చిలైటుతో బయల్దేరతాడు. మంచం కోళ్ళ కింద గంధంలాంటి పొడి రాలిందా, అంతే. అది పుచ్చు. కన్నం ఎక్కడో వెతికి పట్టుకుని, సిరంజితో కిరసనాయిలు ఎక్కిస్తాడు. “నా మోకాళ్ళకి సూది వేయించండంటే వచ్చే వారం అంటారు. ఆ మంచానికి పూటకొకటి” అంటుంది పిన్ని. వానాకాలంలో చెక్క తడి పీల్చి ఉబ్బి, భోషాణం మూత బిగుసుకుంటుంది. ఆయన లెక్కలో అది అలగడం. వైశాఖంలో ఎండి సందులిస్తే నీరసపడటం. పిన్ని కూడా ఒకటి రెండుసార్లు అలిగి చూసింది గానీ ఆయన గమనించలేదు.

ఆడుకునే వస్తువులకీ మినహాయింపు లేదు. మా అక్కకి కొన్న ఏటికొప్పాక లక్కపిడతలున్నాయి. ఆడుకుంటే లక్క గీతలు పడుతుందని అప్పుడే పైన పెట్టేశారు. అక్కకి మనవరాలు పుట్టింది. పిడతలు మాత్రం ఇంకా కన్యలే. సంక్రాంతికి కొలువులో పెట్టే కొండపల్లి బొమ్మల దగ్గర నా చరిత్ర ఉంది. తెల్లపొణికి కర్ర బెండులా తేలిక. ఆ తేలికని నమ్మి ఆరేళ్ళప్పుడు అంబారీ ఏనుగుని దంతం పట్టుకుని లేపాను. దంతం నా చేతిలోకి వచ్చింది, ఏనుగు నేల మీదే ఉండిపోయింది. అది 1983. ఆనాటి నుంచి నేను ఫలానావారి అబ్బాయిని కాను. ఇంజనీరింగు సీటొచ్చినప్పుడు, “ఎవరికీ? దంతం విరగ్గొట్టినవాడికా?” అన్నాడు. నా పెళ్ళిలో మా మామగారికి నన్ను అలాగే పరిచయం చేశాడు. ఆ ముక్క ఏమైందని అడిగితే మాత్రం, “పోయింది. పోగొట్టినవాడివి నువ్వేగా” అనేవాడు.

డల్లాసులో ఉన్న మా తమ్ముడికి నాలుగేళ్ళ క్రితం హఠాత్తుగా వేళ్ళు గుర్తొచ్చాయి. భోషాణాన్ని ఓడలో తెప్పించుకుంటే టీవీ కింద బాగుంటుందని మా మరదలు అంది. టీవీ కింద అన్న మాట ఫోన్లో బాబాయికి సరిగ్గా వినపడకపోవడం మా అదృష్టం. తీరా కనుక్కుంటే, పంపే చెక్క పెట్టె దగ్గర్నుంచి పురుగు లేకుండా వేడి చేసి గానీ మందు పొగ వేసి గానీ ముద్ర వేయించాలట, భోషాణానికీ పొగ వెయ్యాలన్నారు. ఆ మాట మాత్రం స్పష్టంగా వినపడింది.

“వాళ్ళు పొగ పెట్టేది దానికి కాదురా” అన్నాడు బాబాయి. “నాకు.”

పాత గుమ్మాలు, స్తంభాలు కొనేవాళ్ళు వ్యాను వేసుకుని ఏడాదికోసారైనా వస్తారు. వాళ్ళని వీధి గుమ్మం దగ్గరే నిలబెట్టి, “అమ్మను గాక అమ్మను. వంశం ఉసురు పోసుకోను. ఇంతకీ ఎంతిస్తావ్?” అంటాడు. వాడు చెప్పిన ధరకి కోపం తెచ్చుకుని పంపేసి, సాయంత్రం రచ్చబండ దగ్గర దానికి రెట్టింపు చెబుతాడు. పోయినేడు హైదరాబాదు వస్తే, పల్లెటూరి భోజనమని బోర్డు పెట్టుకున్న ఒక హోటలుకి తీసుకెళ్ళాను. అక్కడ ఒక భోషాణం మీద కంప్యూటర్ పెట్టి గల్లా చేశారు. బాబాయి విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళి, చుట్టూ తిరిగి, వంగి, వేలితో కొట్టి విన్నాడు. గల్లా మీద కుర్రాడు బిత్తరపోయి చూస్తున్నాడు.

“అడుగు మామిడి” అని ప్రకటించి వచ్చి, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

మొన్న మాఘంలో మా అమ్మాయి పెళ్ళి కుదిరింది. నాన్న లేడు గనక స్కూటర్ రాయబారం నా వంతుకొచ్చింది. పెదనాన్న కొడుకు దగ్గర పీట తీసుకుని (ఉల్లిపాయల మాట అబద్ధం కాదు, వాసనుంది) బాబాయి ఇంటికి వెళ్ళాను. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. తన పీట ఇప్పుడు భోషాణంలో ఉందన్నాడు. నా గుండె ఝల్లుమంది. అరవై లోపు వాళ్ళెవరూ ఆ మూత లేవగా చూడలేదు. కాసులపేరుందని అత్తయ్యలు, పొలం కాగితాలున్నాయని తమ్ముళ్ళు గుసగుసలాడుకుంటారు.

మొలతాడు తాళం తిరిగింది. ఇద్దరం కలిసి మూత ఎత్తాం.

లోపల ప్లాస్టిక్ సంచులున్నాయి. మడిచి, ఒకదాంట్లో ఒకటి కుక్కి, నాలుగు పుంజీలు. స్వీటు డబ్బాలు, పెళ్ళిళ్ళలో వచ్చిన స్టీలు గిన్నెలు అట్టపెట్టెలతో సహా, 1996 నాటి టార్పాలిన్, పాడైన టార్చిలైట్లు. నా చూపు చూసి, “పనికొస్తాయిరా” అన్నాడు. వాటి అడుగున పాత పంచె చుట్టి పీట ఉంది. దాని పక్కన ఒక అగ్గిపెట్టె. మీద పెన్సిలుతో “సంక్రాంతి 83” అని రాసుంది.

తెరిచాను. దూదిలో లవంగమంత దంతం.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. “ఇలా ఇవ్వు బాబాయ్” అన్నాను చివరికి. “చింతగింజల జిగురు ఉడికించి ఇప్పుడే అంటించేస్తాను. ఎంతసేపు?”

బాబాయి అగ్గిపెట్టె నా చేతిలోంచి తీసుకుని, మూసి, మళ్ళీ సంచుల అడుక్కి తోశాడు.

“ఇప్పుడే అంటించేస్తే, రేపు పెళ్ళిలో వియ్యాలవారికి నిన్నేమని చెప్పుకోనురా?”