బీకరు పగల్లేదు కదా!

సిద్ధాంత గ్రంథంలో పోలిక పది శాతం దాటితే దిద్దుకు రమ్మంటుంది 2018 నాటి యూజీసీ నిబంధన. భేష్! ఆ సంగతి చెబుతూ ఓ ఆర్ట్స్ కాలేజీ నోటీసు బోర్డుకెక్కిన సర్క్యులర్ మాత్రం పాతదే. తేదీ మార్చారు, ‘ఎంఫిల్ విద్యార్థులు కూడా’ అన్న ముక్క తీసేయడం మరిచారు. ఎంఫిల్‌కు యూజీసీ 2022 నాటి పీహెచ్‌డీ నిబంధనల్లోనే మంగళం పాడేసింది మరి.

గ్రంథం సమర్పించిన ఆరు నెలల్లో వైవాతో సహా ముగించాలనీ ఆ 2022 నిబంధనల్లోనే ఉంది. ముందు పుచ్చుకుంటే కదా గడువు మొదలయ్యేది! గ్రంథం పట్టుకెళ్లిన అమ్మాయిని ‘నో డ్యూస్‌లో కెమిస్ట్రీ ల్యాబ్ సంతకమేదమ్మా?’ అన్నారు ఆఫీసు సెక్షన్‌లో. ప్రబంధాలపై పరిశోధించిన పిల్ల బీకరు పగలగొట్టలేదని ఎవరో ఒకరు రాసివ్వాలిగా. ఆ ఒకరు లీవులో ఉన్నారు.