శ్లాబు పడ్డాక ప్లానింగు

ఆంధ్రప్రదేశ్‌లో అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణకు మళ్ళీ ‘చివరి అవకాశం’ ఇచ్చారు. చూసే ఉంటారు. ప్లాను లేకుండా కట్టినవాళ్ళు, ప్లాను తెచ్చుకుని బీరువాలో దాచి తోచినట్టు కట్టినవాళ్ళు, రెండంతస్తులకు అనుమతి తీసుకుని నాలుగు లేపి నెత్తిన పెంట్‌హౌస్ పెట్టినవాళ్ళు, అందరూ రుసుము కట్టి పునీతులు కావచ్చన్నారు. సరిగ్గా ఇదే సమయంలో చదువుల పేజీలవాళ్ళకు నగర ప్రణాళిక మీద ప్రేమ పుట్టింది. ‘నగరాలకు రూపమిచ్చే కొలువు’ అని సగం పేజీ. ఇంటర్ అయిన పిల్లలు బీ.ప్లానింగ్ చదవాలట, మున్సిపాలిటీలో చేరాలట, రేపటి నగరాలను తీర్చిదిద్దాలట. పక్కన బొమ్మ: లాప్‌టాప్ ముందు నవ్వుతున్న అమ్మాయి, వెనక చెట్లు, సైకిల్ దారి, మనిషి నడవగలిగే ఫుట్‌పాత్. ఏ దేశమో గానీ మన రాష్ట్రం మాత్రం కాదు.

ఈ రెండు వార్తలూ రాసినవాళ్ళు ఒకరి పేజీ ఒకరు చదవరు కాబోలు. మా మేనల్లుడు రెండూ చదివాడు. ప్లానింగు డిగ్రీ చేతికొచ్చి ఆర్నెల్లయింది. “మావయ్యా, మున్సిపాలిటీలో చేరమంటావా? ఇల్లు అక్రమంగా కట్టుకోమంటావా?” అని ఫోను. రెండో దానికి ప్రభుత్వం నుంచి ప్రోత్సాహం ఎక్కువని చెప్పాను.

ఉద్యోగాలు లేవని కాదు. 2021లో నీతి ఆయోగ్ ఓ నివేదిక ఇచ్చింది. దేశంలో రాష్ట్రాల టౌన్‌ప్లానింగ్ శాఖలన్నిటికీ కలిపి మంజూరైన ప్లానర్ పోస్టులు 3,945. అందులో 42 శాతం ఖాళీ. అసలు కావలసినవాళ్ళు 12 వేల పైచిలుకు. దేశంలోని 7,933 పట్టణాల్లో 65 శాతానికి మాస్టర్ ప్లానే లేదు. ఇది చదివి ‘అబ్బో, ఎన్ని అవకాశాలో’ అనుకునేవాడు ప్రభుత్వ ఖాళీ ఎలా ఉంటుందో ఎరగనివాడు. ఖాళీగా ఉంచడానికే కొన్ని పోస్టులు మంజూరవుతాయి. అదే నివేదికలో ఇంకో ముత్యం కూడా ఉంది. చాలా రాష్ట్రాల్లో ప్లానర్ ఉద్యోగానికి ప్లానింగు చదివి ఉండాలన్న నిబంధనే లేదట.

పక్క రాష్ట్రం తెలంగాణలో 2022లో టౌన్‌ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్‌సీర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. 175 పోస్టులు. 2023 మార్చి 12న పరీక్ష. ముందురోజు వాయిదా వేశారు. ఆ తీగ లాగితే పబ్లిక్ సర్వీస్ కమిషన్ పేపర్ లీకేజీ డొంకంతా కదిలింది. నగరానికి ప్లాను గీయబోయేవాళ్ళ పరీక్షకే ప్లాను లేకపోయింది.

మన దగ్గర 2019లో వార్డు సచివాలయాలు పెట్టారు. వార్డుకో ‘ప్లానింగ్ అండ్ రెగ్యులేషన్ సెక్రటరీ’. పేరు వింటే వార్డులో చెట్టు ఎక్కడ నాటాలో కూడా ఆయనే చెబుతాడనిపిస్తుంది. ప్రొబేషన్‌లో నెలకు 15 వేలు. ఇంజినీరింగు డిగ్రీవాళ్ళు, ఆర్కిటెక్చర్ చదివినవాళ్ళు కూడా రాశారు, వచ్చారు. 2024 జులై నుంచి ఒకటో తారీఖు వస్తే ఆ ఉద్యోగి తెల్లారకముందే లేచి నగదు సంచీ తగిలించుకుని పింఛన్లు పంచడానికి బయల్దేరుతున్నాడు. గడప గడపకూ వెళ్ళి ముసలమ్మ వేలు పట్టుకుని యంత్రం మీద ఆనించాలి. అరిగిపోయిన వేలిముద్ర పడదు. చీర కొంగుతో తుడిచి మళ్ళీ, ఇంకో వేలు, మళ్ళీ. పింఛను చిన్న పని అనడం లేదు, ఆ ముసలమ్మకు నెల మొత్తానికీ అదే పెద్ద పని. కానీ భూవినియోగ పటాలు చదివినవాడు దానికెందుకు? మిగిలిన రోజుల్లో సర్వేలు. ఇంటింటి సర్వే, ఆ సర్వేలో దొరకని ఇళ్ళ సర్వే, ఫోన్లో ఫొటో అప్‌లోడ్ కాని వాళ్ళ సర్వే. వార్డును ప్లాన్ చేయడం తప్ప వార్డులో అన్నీ చేస్తాడు.

ఇంత పని మధ్యలో నగరం కూడా చూడాలి కదా. అక్కడికే వస్తున్నాను.

బీపీఎస్, అంటే బిల్డింగ్ పీనలైజేషన్ స్కీం. ఉమ్మడి రాష్ట్రంలో 2007 డిసెంబర్ 31న జీవో 901 వచ్చింది. కొత్త సంవత్సరం కానుక. లేఅవుట్లకు అదే రోజు జీవో 902. ఇదొక్కసారే, ఇక ముందు ఎవరైనా అతిక్రమిస్తే ఊరుకునేది లేదు అన్నారు. ఊరుకున్నారు. 2015లో ఇక్కడ మళ్ళీ బీపీఎస్. అదే ఏడాది తెలంగాణలో బీఆర్ఎస్. అప్పటికది పార్టీ కాదు, పథకం. అది కోర్టు గుమ్మం దగ్గర ఇరుక్కుపోయింది. 2019లో మనకు మళ్ళీ ఒక్కసారి. 2020లో అక్కడ లేఅవుట్ల క్రమబద్ధీకరణకు ఎల్ఆర్ఎస్ పెడితే వెయ్యి రూపాయలు కట్టి పాతిక లక్షల మంది పైగా దరఖాస్తు చేశారు. పాతిక లక్షల ప్లాట్లు అనుమతి లేకుండా పుట్టేదాకా ఆ రాష్ట్రంలో ప్లానర్లు ఏం చేస్తున్నారని ఎవరూ అడగలేదు. ఫీజు ఎంతని మాత్రం అడిగారు. నాలుగేళ్ళ తర్వాత ఆ ఫీజులో 25 శాతం రాయితీ కూడా ఇచ్చారు. 2025లో ఇక్కడ మళ్ళీ మనం.

ఈ ‘ఒక్కసారి’ని అందరికంటే బాగా అర్థం చేసుకున్నది బిల్డరు. మా వీధి మొదట్లో అపార్ట్‌మెంటు కట్టినాయన లెక్కల పుస్తకంలో సిమెంటు ఇంత, ఇనుము ఇంత, ఇసుక ఇంత, బీపీఎస్‌కు ఇంత అని పద్దు ఉంటుంది. ఫ్లాటు చూడ్డానికి వెళ్తే పై అంతస్తుకు ప్లాను లేదన్న సంగతి దాచడు. “వచ్చే బీపీఎస్‌లో పెట్టిస్తాం సార్, మీకెందుకు” అంటాడు. పథకం ఇంకా పుట్టలేదు, ఆయనకు దాని మీద నమ్మకం మాత్రం ఉంది. ప్రభుత్వం మీద ఇంత విశ్వాసం ఉన్న పౌరుణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

కటాఫ్ తేదీ ఇంకో తమాషా. ఫలానా తేదీకి ముందు కట్టినవే అర్హం అంటారు. కట్టిన తేదీకి రుజువేమిటి? ఇంటి పన్ను రసీదు. ఆ రసీదు ఇచ్చిందెవరు? మున్సిపాలిటీ. ప్లాను లేని అంతస్తుకు ఇంటి నంబరు వేసి, అక్రమమని తెలిసే పన్ను మీద పెనాల్టీ కలిపి, అర్ధ సంవత్సరానికోసారి తీసుకుంది. ఒక కిటికీలో ‘నీది అక్రమం’ అని రసీదు ఇస్తుంది, పక్క కిటికీలో ఆ రసీదే చూపిస్తే సక్రమం చేస్తుంది. రెండు కిటికీల దగ్గరా డబ్బు కట్టాలి. అందుకే రెండు కిటికీలూ సమయానికి తెరుస్తారు.

ఇప్పుడు మా మేనల్లుడు ఇందులో చేరితే అతని పని చూడండి. ఎవరో ఫిర్యాదు చేస్తారు. చైన్‌మన్‌ను వెంటబెట్టుకుని టేపు పట్టుకుని వెళ్తాడు. శనివారం రాత్రి శ్లాబు వేసేసి ఉంటారు, ఎందుకంటే ఆదివారం ఆఫీసు లేదు. సెట్‌బ్యాక్ కొలుస్తాడు, ఖాళీ ఉండాల్సిన చోట మెట్లుంటాయి. నోటీసు ఇస్తాడు. దానికి జవాబు రాదు, ఇంకో నోటీసు. ఈలోగా యజమాని కోర్టుకెళ్ళి స్టే తెచ్చుకుంటాడు. స్టే రాకపోతే ఫోను వస్తుంది. స్టే కంటే ఫోను బలమైనది, దాని మీద అప్పీలు లేదు.

ఎప్పుడైనా పై నుంచి గట్టిగా అడిగితే కూల్చివేత కూడా ఉంటుంది. నేను కళ్ళారా చూశాను. ఇద్దరు మనుషులు బ్రేకర్ మిషనుతో వచ్చి శ్లాబు మధ్యలో పళ్ళెమంత చిల్లులు రెండు పెట్టారు. ఇనుప చువ్వలు ఎక్కడివక్కడే ఉన్నాయి, వాటి సందులోంచి ఆకాశం కనిపించింది. ఆకాశం పడేట్టు ఫొటో తీసుకున్నారు. యజమాని మనుషులే వాళ్ళకు టీ తెప్పించారు. జీపు మలుపు తిరగ్గానే మేస్త్రి కింద నుంచి చెక్కముక్క ఆనించి, పైనుంచి రెండు బొచ్చెల కాంక్రీటు పోసి, చేత్తో చదును చేశాడు. పూడ్చిన చోట రంగు తేడా వచ్చింది. అందుకని ఆ గదికి ఫాల్స్ సీలింగ్ చేయించారు. ఆఫీసు కాగితాల్లో ఆ అంతస్తు కూలిపోయింది. నిజంగా కూడా కూలి ఉంటే బాగుండేది, మా వంటింటి కిటికీలోంచి చెయ్యి చాస్తే వాళ్ళ గ్రిల్లు తగులుతోంది. పగలు పది గంటలకు లైటు వేసుకుని ఉల్లిపాయలు తరుగుతున్నాం.

రూల్స్ లేవా? భేషుగ్గా ఉన్నాయి. 2012లో జీవో 168 తెచ్చారు. కట్టే విస్తీర్ణంలో పది శాతం ముందే మున్సిపాలిటీకి తనఖా పెట్టాలన్నారు, ప్లాను దాటితే అది పోతుందన్నారు. ఎంత చక్కటి నిబంధన! ఆ తనఖా ఫ్లాటు వేలం వేశారన్న ప్రకటన మాత్రం ఇన్నేళ్ళలో నా కంట పడలేదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేనిదే కరెంటు, నీళ్ళు ఇవ్వకూడదన్నారు. మా వీధిలో కరెంటు లేని అంతస్తు ఉంటే చూపించండి.

వెటకారం ఇక్కడితో చాలు. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఓ భవనం సెల్లార్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి. బండ్లు పెట్టుకోవాల్సిన చోట బండ్ల వ్యాపారం. నిప్పంటుకుని పొగ మెట్ల మీదుగా పైకి ఎక్కింది. ఎనిమిది మంది చనిపోయారు. సెల్లార్‌లో వ్యాపారం నడుస్తోందని ఆ దారిన పోయే ప్రతివాడికీ తెలుసు, బోర్డు ఉంది కదా. సెట్‌బ్యాక్ అంటే రూల్ బుక్‌లో అంకె కాదు, ఫైరింజన్ గొట్టం పట్టే సందు. ఆ సందును చదరపు అడుగు ఇంతని అమ్మేసి, అమ్మగా వచ్చిన డబ్బును ‘మున్సిపాలిటీలకు అదనపు ఆదాయం’ అని మంత్రులు చెప్పుకుంటుంటే సిగ్గుగా ఉంటుంది.

2024 సెప్టెంబర్‌లో విజయవాడ సింగ్‌నగర్ మీదికి బుడమేరు వాగు వచ్చింది. బుడమేరు వచ్చింది అనడం కూడా తప్పే, అది తన దారిన తాను పోయింది, దారిలో మనం ఉన్నాం. రోజుల తరబడి నీళ్ళు. మేడల మీద జనం, డ్రోన్లతో అన్నం పొట్లాలు. నీళ్ళు తీశాక ‘ఆపరేషన్ బుడమేరు’ అన్నారు, ఆక్రమణలు తొలగిస్తాం అన్నారు. ఆ ఇళ్ళు రాత్రికి రాత్రి మొలిచినవి కావు. కరెంటు బిల్లు వచ్చే ఇళ్ళు, పన్ను కట్టే ఇళ్ళు. అప్పు చేసి కొనుక్కున్న పేదవాడేం చేస్తాడు? అతనికి ప్లాటు అమ్మినవాడు దొరకడు. అమ్ముతున్నప్పుడు ఇది వాగు దారి అని బోర్డు పెట్టాల్సిన ఉద్యోగి ఎక్కడున్నాడు? పోస్టు ఖాళీ. లేదా పింఛను పంచుతున్నాడు. లేదా చెప్పాడు, బదిలీ అయ్యాడు. బుర్రలో ఇంత గుజ్జు ఉన్న ప్రభుత్వమైతే ఆ వరద తర్వాత పదేళ్ళపాటు ‘క్రమబద్ధీకరణ’ అన్న మాట ఎత్తకూడదు. ఎక్కువ కాలం ఆగలేదు, ఎత్తింది.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ పాలక సంస్థలకు అప్పగించదగిన పనులని పద్దెనిమిది రాస్తే అందులో మొట్టమొదటిది పట్టణ ప్రణాళిక. మన దగ్గర అది మాత్రం డెవలప్‌మెంట్ అథారిటీల దగ్గర ఉండి, మున్సిపాలిటీలకు చెత్తబండి మిగిలింది. అమరావతికి మాస్టర్ ప్లాను సింగపూరువాళ్ళు గీశారు, శాసనసభ బొమ్మ లండన్‌వాళ్ళు వేశారు, మన ప్లానర్ బాల్కనీ ఎన్ని అంగుళాలు బయటికొచ్చిందో కొలుస్తున్నాడు. కామారెడ్డిలో మాస్టర్ ప్లాను తమ పొలాల్ని మింగుతోందని తెలుసుకున్న రైతులు 2023 జనవరిలో కలెక్టరేట్ మీదికి పోతే తప్ప అది వెనక్కి పోలేదు. గీసే ముందు ఆ పొలం గట్టు మీద నిలబడి అడగడం ఎవరికీ తోచలేదు. హైదరాబాద్‌లో ఆక్రమణలు కూల్చే హైడ్రా బుల్డోజర్లు తిరుగుతుంటే చప్పట్లు కొట్టేవాళ్ళు, ప్లానింగు విభాగం పనిచేసి ఉంటే ఆ డీజిలు ఖర్చు మిగిలేదని అనరు. కొత్తగా ఇంటి యజమాని పెట్టుకున్న ఇంజినీరే అంతా సక్రమమని సంతకం పెడితే ప్లాను మంజూరయ్యే పద్ధతి కూడా వచ్చేసింది. ఇక ఆఫీసుకు మిగిలింది డబ్బు కట్టించుకునే కౌంటరే.

టౌన్‌ప్లానింగ్ వాళ్ళందరూ సత్తెకాలపువాళ్ళని నేను అనను. ఏసీబీకి ఎక్కువ పని కల్పించే విభాగాల్లో అదొకటి. కానీ ఆపే అధికారం ఇవ్వకుండా, ఆపకపోవడానికి ధర మాత్రం ఉంచితే అందులో చేరిన పిల్లవాడు ఏ దారి పడతాడు? నిజాయితీగా ఉంటే మూడో నెలలో మూల పడేస్తారు. లేకపోతే మూడో ఏడు ఇల్లు కడతాడు, పై అంతస్తుకు ప్లాను లేకుండా.

కాబట్టి మున్సిపల్ శాఖవారికి నా విన్నపం ఒకటే. ఆ పిల్లలకు పునాది తవ్వే రోజున మార్కింగ్ ఇచ్చే పని, గోడ లేవకముందే కొలిచి ఆపే అధికారం, ఆపినందుకు బదిలీ కాకుండా ఉత్తర్వు ఇవ్వండి. ఇక బీపీఎస్ ఉండదని చట్టంలో రాయండి. అంత చేతకాకపోతే వచ్చే నోటిఫికేషన్‌లో నిజం రాయండి. పోస్టు: అపరాధ రుసుము గుమాస్తా. అర్హత: ఏ డిగ్రీ అయినా పర్వాలేదు, టేపు పట్టుకోవడం వచ్చి ఉండాలి. ఒకటో తారీఖున పెందలాడే లేచే అలవాటున్నవారికి ప్రాధాన్యం.