మగచెప్పుల కాపలా

అపార్ట్‌మెంట్‌లో ఆడపిల్ల ఒంటరిగా ఉంటోందంటే సలహాలకు కరువుండదు. ఉద్యోగం కోసం కొయ్యూరు నుంచి నర్సీపట్నం వచ్చి మూడో అంతస్తులో సామాను దించానో లేదో, వరస కట్టాయి. అన్నయ్య గొళ్ళెం మార్చమన్నాడు. పిన్ని గుమ్మానికి నిమ్మకాయలు కట్టమంది. ఆఫీసులో పెద్దాయన కెమెరా పెట్టించుకోమన్నారు. వాళ్ళింట్లో ఉందట. అందులో ఇప్పటిదాకా పట్టుబడింది ఆయన మనవడొక్కడే, అర్ధరాత్రి ఫ్రిజ్ దగ్గర.

"ఏటే, మనూళ్ళో తలుపు దగ్గరికేస్తే సరిపోయేది కదే, నీకిన్ని తాళాలెందుకే?" అంది అమ్మ. నిజమే, సరిపోయేది. ఎదురింటి అరుగు మీద కూర్చున్న ముసలమ్మలు కొత్త మనిషి కనిపిస్తే ఎవరి తాలూకో, ఏ బస్సు దిగాడో, ఎవరింటికి భోజనానికి వచ్చాడో తేల్చనిదే వదిలేవారు కారు. ఇక్కడ పక్క ఫ్లాట్ ఆయన పేరు నాకు తెలిసింది, వాళ్ళ కరెంటు బిల్లు మా తలుపు కింద దూర్చబట్టి.

ముందు తాళం మార్పించాను. అద్దింటికి ఇదే మొదటి పని. పాతదాని చెవి ఇంటాయన దగ్గరొకటి, నాకు ముందున్నవాళ్ళ దగ్గరొకటి, వాళ్ళ పనమ్మాయి దగ్గరొకటి ఉండొచ్చు. ఆ లెక్కన తాళం చెవి లేనిది దొంగ ఒక్కడికే. తలుపులోనే ఇమిడిపోయే తాళం వేయించాను. కప్పతాళం ఎంత గట్టిదైనా, 'లోపల ఎవరూ లేరు, దయచేయండి' అని గుమ్మానికి వేలాడదీసిన బోర్డే.

తరవాత తలుపుకు చిన్న కన్నం పెట్టించి అద్దం బిగించాను. పూర్వం ఈ పని దొంగలు చూసుకునేవారు. మృచ్ఛకటిక నాటకంలో శర్విలకుడనే దొంగైతే చారుదత్తుడి గోడకు ఏ ఆకారంలో కన్నం వేస్తే అందంగా ఉంటుందా అని ఆలోచించి పూర్ణకుంభం ఖాయం చేస్తాడు, కొలతాడు మరిచిపోయి జంధ్యంతో కొలుస్తాడు. ఇప్పుడు ఆ కళ పోయింది. మన కన్నం మనమే వేయించుకుని మేస్త్రీకి కూలి ఇస్తున్నాం. పోనీ దాంతో పని జరుగుతుందా? "ఎవరది?" అంటే పాలవాడూ "నేనే", గ్యాసబ్బాయీ "నేనే", చందాలవాళ్ళూ "నేనే". మన గుమ్మాల దగ్గరంతా అద్వైతమే.

వాచ్‌మన్ భార్య చెప్పిన ఉపాయం వేరు. "గుమ్మం ముందు మగచెప్పులు పెట్టండమ్మా, లోపల మనిషున్నాడనుకుంటారు." సంతలో తొమ్మిదో నంబరు జత కొన్నాను. మరీ కొత్తగా మెరుస్తున్నాయని బురదలో తొక్కి మరీ పెట్టాను. దొంగలు నమ్మారో లేదో గాని అపార్ట్‌మెంట్ మొత్తం నమ్మింది. "మీవారు ఎప్పుడొచ్చారమ్మా?" అంది కింద ఫ్లాట్ ఆంటీ. నాకు పెళ్ళి కాలేదని ఆవిడకు తెలుసు. తెలుసు గనకే అడిగింది. కొన్నాళ్ళకు ఆ చెప్పులు కాస్తా ఎవరో వేసుకుపోయారు. మా ఇంట్లో ఇప్పటిదాకా పోయిన వస్తువు ఆ కాపలా ఒక్కటే.

దొంగలు చెప్పి రారు గాని, చెప్పి మరీ వచ్చినాయన కథ మా వైపు ఉంది. మా ఊరి దారిలో కృష్ణదేవిపేట ఉంది. అల్లూరి సీతారామరాజు సమాధి అక్కడే. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, ఇలా వరసగా పోలీసు స్టేషన్ల మీదే పడి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకెళ్ళాడాయన. పట్టుకెళ్ళినవాటి జాబితా స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం కూడా పెట్టాడు. ఆ తరవాత మిరపకాయ టపా పంపి, ఫలానా రోజు వస్తున్నానని ముందే చెప్పి మరీ వెళ్ళాడు. అక్టోబరు 15న అడ్డతీగలకు అలాగే వెళ్ళాడు. ఆయన వెనక మన్యం జనమంతా ఉన్నారు, చెప్పినా చెల్లింది.

మన వెనక ఎవరూ లేరు. అయినా టపాలు మానం. అప్పుడు వచ్చేవాడు పంపాడు, ఇప్పుడు వెళ్ళేవాళ్ళం పంపుతున్నాం. 'సకుటుంబంగా తిరుమలలో, నాలుగు రోజులు' అని వాట్సాప్ స్టేటస్. గుమ్మం ముందు పేర్చినట్టు పేపర్లు. గడియకు తగిలించిన పాలసంచి. పట్టపగలు వెలిగే బాల్కనీ దీపం. దొంగకు కావలసింది కండబలం కాదు, కబురు. దాన్ని వాడి ఇంటికి చేర్చే బాధ్యత మనమే తీసుకున్నాం.

ఈ కబుర్ల దారి మళ్ళించడానికే ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ళ కోసం ఎల్‌హెచ్‌ఎంఎస్ అని ఒక యాప్ పెట్టారు. అందులో పేరు నమోదు చేసుకుని, ఊరెళ్ళే ముందు అడిగితే వాళ్ళే వచ్చి ఇంట్లో కెమెరా పెడతారు. డబ్బు పుచ్చుకోరు. లోపల ఏదైనా కదిలితే కంట్రోల్ రూముకు తెలుస్తుంది.

కాబట్టి, ఒంటరిగా ఉన్నవాళ్ళకు నా మనవి. ఊరెళ్తున్నట్టు చెప్పాల్సింది ఇద్దరికే: పోలీసులకు, నమ్మకమైన పొరుగువాళ్ళకు. పొరుగువాళ్ళ పేరు కరెంటు బిల్లు వచ్చేదాకా ఆగకుండా ముందే అడిగి తెలుసుకోండి. పాలూ పేపరూ ఆపించండి. తాళంచెవి మీటరు పెట్టెలోనో తులసి కుండీలోనో దాచకండి, అవి మనకెంత తెలుసో దొంగకూ అంతే తెలుసు. రాత్రిపూట తలుపవతల "నేనే" అన్న గొంతు మీకు తెలిసింది కాకపోతే తియ్యకండి, 112కి ఫోన్ చేయండి. తిరుమల ఫొటోలు ఇంటికొచ్చాక పెట్టుకోండి. వెంకన్న ఏమీ అనుకోడు.