‘లీ’కార మాహాత్మ్యము

ఉప్పల్ చౌరస్తా మొదలు హబ్సిగూడ దాక మెట్రో స్తంభములమీదను, నాచారం పారిశ్రామికవాడకు పోవు దారిలోని కరెంటు స్తంభములమీదను అతికించిన స్పోకెన్ ఇంగ్లీషు శిక్షణాలయముల పసుపుపచ్చని కాగితములను చదువని వారుండరు గనుక, వానిలోని వాగ్దానమును మరల ఏకరువు పెట్టనక్కరలేదు. విశేషణమునకు ‘లీ’ తగిలించినచో క్రియావిశేషణమగుననియు, వాక్యమునకొక క్రియావిశేషణము తగిలించినచో ఆంగ్లము అనర్గళమగుననియు, ఆంగ్లము అనర్గళమైనచో ఉద్యోగము తనంతట తానే వచ్చి తలుపు తట్టుననియు ఆ కాగితములు అతికించిన మహానుభావులు దర్శించిన సూత్రత్రయమును చూడగా, పాపము చిన్నయసూరి బాలవ్యాకరణమునకై అన్ని సూత్రములు కట్టి అంత శ్రమ యేల పడెనో యని జాలి కలుగుచున్నది.

ఫలితము అప్పుడే వీధిన పడినది. చాయ్ బండి దగ్గర నిలుచున్న కుర్రవాడు “అన్నా, యాక్చువల్లీ ఒక చాయ్, బేసికల్లీ చక్కెర తక్కువ” అనుచున్నాడు. బండివాడును తక్కువ తినక “డెఫినిట్లీ” అని గ్లాసు అందించుచున్నాడు.

‘గుడ్’ అనునది ‘గుడ్లీ’ కాక ‘వెల్’ ఎట్లయినదో, ‘ఫ్రెండ్లీ’ చివర ‘లీ’ ఉండియు విశేషణముగానే ఏల మిగిలిపోయినదో అడుగరాదు. అది అడ్వాన్స్‌డ్ బ్యాచి పాఠము. దాని ఫీజు వేరు.

మొబైలు దుకాణము పై అంతస్తున వెలసిన అట్టి విద్యాపీఠమొకదానిలో, తెల్లబోర్డుమీద ఎర్ర మార్కరుతో, ‘ఫాస్ట్’ ఎదుట ‘ఫాస్ట్‌లీ’ అనియు, ‘హార్డ్’ ఎదుట ‘హార్డ్‌లీ’ అనియు గుండ్రని అక్షరములతో వ్రాసియుండగా ఈ కన్నులతోనే చూచితిని. మొదటిది నేటి ఆంగ్లమున చెల్లని నాణెము. దానివలన నవ్వులపాలగుటయే గాని వేరు హాని లేదు. రెండవది చెల్లును, చెల్లుటయే ప్రమాదము.

ఏలయన, ఈ పాఠమును కంఠస్థము చేసిన బాలుడు ఇంటర్వ్యూలో కూర్చుండి, రాత్రింబవళ్లు ఒళ్లు వంచి ప్రాజెక్టు చేసితినని చెప్పదలచి, “ఐ వర్క్‌డ్ హార్డ్‌లీ” అనును. అనగా, పని చేసీ చేయనట్లుంటినని స్వముఖమున వాఙ్మూలమిచ్చును. ఆలస్యమునకు క్షమాపణ వేడుచు “ఐ కేమ్ లేట్‌లీ” అన్నచో, ఇటీవల వచ్చితినని తేలును.

‘హార్డ్’ అను మాటకు క్రియావిశేషణము ‘హార్డ్’ అనియే. ప్రాచీనాంగ్లమున దీని చివర ‘ఎ’కారమొకటి ఉండి క్రియావిశేషణమని తెలుపుచుండెడిది, కాలక్రమమున ఆ ‘ఎ’కారము రాలిపోగా రెండు రూపములును ఒక్కటైనవి. ‘హార్డ్‌లీ’ కూడ ఒకప్పుడు ‘గట్టిగా’ అను అర్థమునే ఇచ్చెడిది. పిదప ‘కష్టముమీద’ అనియు, తుదకు ‘లేదన్నంత స్వల్పముగా’ అనియు మారినది. కావున మన మాస్టారు చెప్పునది తప్పు కాదు. ఆయన కొన్ని శతాబ్దములు ఆలస్యముగా పుట్టినాడు, అంతే.

ఇట్టి పాఠములకు కట్టు ఫీజు ఎవరి సొమ్ము? నాచారం ఫ్యాక్టరీలో తండ్రి నైటు షిఫ్టు మీద ఓవర్‌టైము చేసి తెచ్చిన సొమ్ము. నీళ్లు గటగట త్రాగుదురనియు, అన్నము గటగట తినరనియు ఏ సూత్రమును చదువకయే ఎరిగిన తెలుగు పిల్లవానికి, వినికిడిచేతను చదువుచేతను భాష పట్టుబడునని చెప్పువాడు లేక, వానిని ‘లీ’ తోకలమ్ముకొనువాని చేతికి అప్పగించుచున్నాము. ఇది మోసము; దీనికి వేరు పేరు లేదు.

అట్లు చెప్పువాడు బడిలోనైన దొరకునా? 2022-23లో ప్రభుత్వ బడులలో 1 నుండి 8 తరగతులకు ఆంగ్ల మాధ్యమము తెచ్చిన తెలంగాణ సర్కారు, పిల్లలకు ఆంగ్లము వినిపించు గురువులను అంత వేగముగా తేగలిగెనా? ఆంగ్లోపాధ్యాయులను తీర్చుటకే 1958లో హైదరాబాదున కేంద్ర ఆంగ్ల సంస్థ పుట్టి, 2007లో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయమై, నాచారమునకు కూతవేటు దూరమున తార్నాకలో విలసిల్లుచుండగా, ఈ సందులలో మాత్రము మార్కరు పట్టినవాడే పాణిని.

అయ్యా మాస్టర్లారా, మీ కాగితముల అడుగున “వుయ్ హార్డ్‌లీ టీచ్” అని పెద్దక్షరములతో అచ్చు వేయించుడు. వ్యాకరణమును తప్పదు, సత్యమును తప్పదు.