సర్వ షెల్ వశీకరణ విధానం

ల్యాప్‌టాప్‌లో ఉబుంటు. ఆఫీసువాళ్లిచ్చిన మ్యాక్. నెలనెలా అద్దె కడుతున్న క్లౌడ్ సర్వరు. ఎవరి హయాంలో పెట్టారో ఎవరికీ గుర్తులేని ఫ్రీబీఎస్‌డీ డబ్బా ఒకటి. ఎందులో లాగిన్ అయినా అవే ఏలియాస్‌లు, అదే రంగుల ప్రాంప్టు, అదే ఎడిటరు ఉండాలని ఏ ఇంజనీరు కోరుకోడు? ఆ కోరిక తీరే మార్గం కింద వివరిస్తున్నాను. తు.చ. తప్పకుండా పాటించినవారికి ఏ షెల్‌లోనైనా పనిచేసే స్టార్టప్ ఫైలు తప్పక సిద్ధిస్తుంది. ఒకే యంత్రంలో, ఒకే టెర్మినల్‌లో, వచ్చే అప్‌డేట్ దాకా.

ముందుగా, ఏ షెల్ ఏ ఫైలు చదువుతుందో తెలుసుకునే ప్రయత్నం మానుకోండి. ఆ సంగతంతా మాన్యువల్‌లో ఉంది, కాబట్టి రహస్యం భద్రమే. బ్యాష్ లాగిన్ షెల్‌గా మొదలైతే .బ్యాష్_ప్రొఫైల్, .బ్యాష్_లాగిన్, .ప్రొఫైల్ అనే వరసలో వెతికి, మొదట దొరికినదాన్ని చదివి మిగతావాటి మొహం చూడదు. లాగిన్ కాని ఇంటరాక్టివ్ షెల్ అయితే ఇంట్లో ఫైళ్లలో చదివేది .బ్యాష్‌ఆర్‌సీ ఒక్కటే. జెడ్‌షెల్‌ది వేరే సంసారం. .జెడ్‌ష్‌ఎన్వ్‌ని ప్రతిసారీ చదువుతుంది, చిన్న స్క్రిప్టు నడిపినా సరే. లాగిన్ అయితే .జెడ్‌ప్రొఫైల్, ఇంటరాక్టివ్ అయితే .జెడ్‌ష్‌ఆర్‌సీ, మళ్లీ లాగిన్ అయితే చివర్లో .జెడ్‌లాగిన్. లినక్స్‌లో టెర్మినల్ విండో తెరిస్తే మామూలుగా వచ్చేది లాగిన్ కాని షెల్. మ్యాక్ టెర్మినల్ మాత్రం ప్రతి విండోనూ లాగిన్‌గానే తెరుస్తుంది. ఇవన్నీ బుర్రకెక్కించుకుంటే ఏ లైను ఎక్కడ పెట్టాలో తేలిపోతుంది. మనకు అది వద్దు. అన్ని లైన్లూ అన్ని ఫైళ్లలో పెట్టేయండి, ఎవరో ఒకరు చదవకపోరు.

ఏదైనా కొత్త టూలు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు దాని ఇన్‌స్టాలరు మీ ఇంట్లో .బ్యాష్_ప్రొఫైల్ అనే ఫైలు సృష్టించి ఒక్క లైను రాసిపోతానంటే అడ్డుచెప్పకండి. ఆ క్షణం నుంచి మీరు ఏళ్ల తరబడి పెంచిన .ప్రొఫైల్‌ని బ్యాష్ చదవదు. తప్పు అని ఎర్ర అక్షరాలు కూడా రావు. అలా జరుగుతుందని ఉబుంటు ఇచ్చే .ప్రొఫైల్ మొదట్లోనే వ్యాఖ్యగా రాసి ఉంటుంది. ఆ వ్యాఖ్యలు చోటు తింటాయి, తీసేయండి. వాటి బదులు పైన షెబాంగ్ లైను పెట్టి, పక్కన బ్యాష్ పేరు రాయండి. స్టార్టప్ ఫైలును షెల్ తానే చదువుకుంటుంది కాబట్టి ఆ లైను అక్కడ ఉత్త వ్యాఖ్యే. అయినా చూసినవాళ్లకు ధైర్యంగా ఉంటుంది.

ఇక భాష. స్టీఫెన్ బోర్న్ షెల్ 1979లో ఏడో వెర్షన్ యూనిక్స్‌తో బయటికొచ్చింది. 1992లో పోసిక్స్ కమిటీ షెల్ అంటే కనీసం ఇవి ఉండాలని రాసిపెట్టింది. అందులో ఉన్నవి మాత్రమే వాడితే ఫైలు ఎక్కడైనా నడుస్తుంది, అందుకే వాడకండి. షరతులకు జంట బ్రాకెట్లు వాడండి. సమానమా అని అడగడానికి రెండు సమాన గుర్తులు పెట్టండి. వేరే ఫైలును చదివించడానికి చుక్క సరిపోతుంది, కానీ సోర్స్ అని రాస్తే హుందాగా ఉంటుంది. ఉబుంటులో 2006 నుంచీ ఎస్‌హెచ్ అంటే బ్యాష్ కాదు, డ్యాష్. దానికి వీటిలో ఒక్కటీ తెలియదు. జంట బ్రాకెట్లు చూస్తే అలాంటి కమాండ్ దొరకలేదని గొణిగి, షరతు అబద్ధమనుకుని ముందుకెళ్తుంది. మీ సెట్టింగ్ సగం అమలవుతుంది, సగం కాదు. అంతకంటే గట్టి ఫలితం కావాలంటే .ప్రొఫైల్‌లో ఒక ఎర్రే రాయండి. డ్యాష్ దాన్ని వ్యాకరణ దోషంగా పట్టుకుని అక్కడికక్కడే ఆగిపోతుంది. డెబియన్ కుటుంబంలో గ్రాఫికల్ లాగిన్ కూడా ఆ ఫైలును ఎస్‌హెచ్‌తో చదివే సందర్భాలున్నాయి. అప్పుడు పాస్‌వర్డ్ సరిగ్గానే కొడతారు, స్క్రీన్ ఒకసారి నల్లబడి మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. మీరు పాస్‌వర్డ్‌నే అనుమానిస్తారు.

ఎర్రేలు అంత ఇష్టమైతే ఇంకో సంగతి. బ్యాష్‌లో లెక్క సున్నా నుంచి, జెడ్‌షెల్‌లో ఒకటి నుంచి. ఒక వేరియబుల్‌లో నాలుగు ఫైళ్ల పేర్లు ఖాళీలతో విడదీసి ఉంచి, కోట్స్ లేకుండా లూప్‌లో తిప్పితే బ్యాష్ నాలుగుసార్లు తిరుగుతుంది. జెడ్‌షెల్ నాలుగూ కలిపి ఒకే పేరనుకుని ఒక్కసారే తిరుగుతుంది. మ్యాక్‌లో 2019 దాకా బ్యాష్, అది కూడా 3.2 దగ్గరే ఆగిపోయినది, ఆ తర్వాత జెడ్‌షెల్. ఇది తెలిసినా పట్టించుకోకండి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవాడు నాలుగో కాలు లెక్కపెట్టకూడదు.

సీషెల్, ఫిష్ వాడేవాళ్ల సంగతేమిటంటారా? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి. ఎక్స్‌పోర్ట్ అంటే సీషెల్‌కి తెలియదు, సెట్‌ఎన్వ్ అనాలి. ఫ్రీబీఎస్‌డీలో రూట్‌కి 2023లో 14వ వెర్షన్ వచ్చేదాకా ఆ కుటుంబమే దిక్కు. 2005లో పుట్టిన ఫిష్ ఈ పోసిక్స్ గొడవ నాకొద్దని మొదట్లోనే తప్పుకుంది. అందరికీ ఒకే ఫైలు కావాలనే పట్టుదల ఉంటే, ఏ షెల్‌లో ఉన్నామో కనిపెట్టే ముప్ఫై లైన్లు పైన రాయండి. ఆ ముప్ఫై లైన్లను ఏ షెల్ భాషలో రాయాలన్నది మీ స్వవిషయం.

ఇప్పుడు ముఖ్యమైన ఘట్టం, స్వాగత వచనం. .బ్యాష్‌ఆర్‌సీలో పైనే ఒక ఎకో పెట్టి, లాగిన్ అవ్వగానే "నమస్కారం" అనిపించండి. ఎకోకి మైనస్ ఈ తగిలించి రంగులు కూడా వేయండి. అదే లైను తనకు చిక్కితే డ్యాష్ ఆ మైనస్ ఈని కూడా భక్తిగా ప్రింట్ చేస్తుంది. ప్రింట్‌ఎఫ్ అయితే అంతటా ఒకేలా నడుస్తుంది, అందుకని దాని జోలికి పోకండి. అసలు రుచి ఫైళ్లు కాపీ చేసేటప్పుడు తెలుస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా దూరం నుంచి కమాండ్ వస్తే, మనిషి ఎదురుగా లేకపోయినా బ్యాష్ .బ్యాష్‌ఆర్‌సీని చదువుతుంది. అవతల ఆర్‌సింక్ తన ప్రోటోకాల్ కోసం ఎదురుచూస్తుంటే మన నమస్కారం వెళ్లి ఎదురుపడుతుంది. "మీ షెల్ శుభ్రంగానే ఉందా?" అని అది నిజంగానే అడుగుతుంది. ఎస్‌ఎఫ్‌టీపీ అంత మర్యాదస్తురాలు కాదు. వచ్చిన మొదటి నాలుగు బైట్లను సందేశం పొడవుగా లెక్కగడుతుంది. రంగుల సంగతి పక్కనపెడితే, మన "న" యూటీఎఫ్-8లో మూడు బైట్లు, "మ"లోంచి ఇంకొకటి. వెరసి 3769673952 బైట్ల సందేశం వస్తోందట, అది మరీ పొడవట, నేను పోతున్నానంటుంది. మూడున్నర గిగాబైట్ల నమస్కారం ఇంకే భాషలో పెట్టగలం?

ఇంటరాక్టివ్ షెల్ కాకపోతే ఇక్కడే వెనక్కి తిరుగు అని చెప్పే నాలుగు లైన్ల కేస్ పరీక్ష ఉబుంటు .బ్యాష్‌ఆర్‌సీ పైభాగంలో ఉంటుంది. దాన్ని ఫైలు అడుగుకి జరపండి.

అర్థంకాని లొకేల్ హెచ్చరిక ఏదైనా విసిగిస్తుంటే, ఎల్‌సీ_ఆల్‌ని సీ అని ఎక్స్‌పోర్ట్ చేసేయండి. హెచ్చరిక పోతుంది. దాంతోపాటు తెలుగూ పోతుంది. "అమ్మ" అని ఫైలుకు పేరు పెట్టి లినక్స్‌లో ఎల్‌ఎస్ కొట్టి చూడండి. రెండక్షరాల బదులు బ్యాక్‌స్లాష్ 340, 260 అంటూ పన్నెండు బైట్ల అంకెల బారు కనిపిస్తుంది.

పాత్ వేరియబుల్ విషయంలో ఉదారంగా ఉండండి. పాతదాని ముందు మీ బిన్ డైరెక్టరీని అతికించే లైనును .బ్యాష్‌ఆర్‌సీలో పెడితే, షెల్‌లో షెల్ తెరిచిన ప్రతిసారీ అది ఇంకోసారి అతుక్కుంటుంది. ముందే ఉందా అని చూడటం పిసినారితనం. మ్యాక్‌లో అయితే .జెడ్‌ష్‌ఎన్వ్‌లో పెట్టండి. దాని తర్వాత సిస్టమ్ తరఫున పాత్_హెల్పర్ వచ్చి ప్రభుత్వ డైరెక్టరీలన్నింటినీ ముందుకు జరిపి, మీదాన్ని తోక చివర నిలబెడుతుంది. మీరు ఇన్‌స్టాల్ చేసిన కొత్త పైథాన్ కాకుండా పాతదే ఎందుకొస్తోందని ఒక సాయంత్రం గడిచిపోతుంది.

కొందరు పిరికివాళ్లున్నారు. వాళ్లు .ప్రొఫైల్‌లో పదో పన్నెండో ఎక్స్‌పోర్ట్ లైన్లు ఉత్త పోసిక్స్‌లో రాసి ఊరుకుంటారు. .బ్యాష్_ప్రొఫైల్‌లో దాన్ని చుక్కతో చదివించి, కింద .బ్యాష్‌ఆర్‌సీని కూడా పిలుస్తారు. జెడ్‌షెల్‌కి ఎమ్యులేట్‌తో కాసేపు ఎస్‌హెచ్‌లా నటించమని చెప్పి .జెడ్‌ప్రొఫైల్‌లోంచి అదే .ప్రొఫైల్‌ని చదివిస్తారు. ఏలియాస్‌లూ ప్రాంప్టులూ ఏ షెల్‌వి ఆ షెల్ సొంత ఫైల్లో, ఒకదాని ఊసు ఇంకొకదానికి లేకుండా. అన్ని చోట్లా నడిచేది ఆ పది లైన్లేనని, మిగతాదాన్ని నడిపించాలని చూడటం దండగని వాళ్ల నమ్మకం. వాళ్ల ఫైలు ఏళ్ల తరబడి మారదు. టీ కొట్టు దగ్గర చెప్పుకోవడానికి పాపం వాళ్లకు కథలే ఉండవు.

మీరు అలా కాకూడదు. కంపెనీ సర్వరులో లాగిన్ షెల్ మార్చుకునే అనుమతి లేదనుకోండి. .ప్రొఫైల్ చివర జెడ్‌షెల్‌ని లాగిన్ షెల్‌గా ఎగ్జెక్ చేయించండి. బ్యాష్ తన చోటును దానికి అప్పగించి తప్పుకుంటుంది. ఇంతవరకూ మామూలే. ఇప్పుడు పిరికివాళ్ల పద్ధతి చూసి ముచ్చటపడి, .జెడ్‌ప్రొఫైల్‌లోంచి .ప్రొఫైల్‌ని చదివించండి. జెడ్‌షెల్ లేస్తుంది, .జెడ్‌ప్రొఫైల్ చదువుతుంది, అది .ప్రొఫైల్ చదివిస్తుంది, అది మళ్లీ జెడ్‌షెల్‌ని ఎగ్జెక్ చేస్తుంది. ప్రాంప్టు రాదు. ఎర్రర్ కూడా రాదు. ఇది చేసేముందు తెరిచి ఉన్న మిగతా విండోలన్నీ మూసేయడం మరవకండి, లేకపోతే సరిదిద్దుకునే వీలు మిగిలిపోతుంది.

అప్పటికీ ఒక సందు ఉంది. ఎస్‌ఎస్‌హెచ్‌కి సర్వరు పేరు పక్కనే, .ప్రొఫైల్ పేరు మార్చే ఎంవీ కమాండ్ ఇచ్చి పంపితే, అది లాగిన్ షెల్ కాదు కాబట్టి బ్యాష్ .ప్రొఫైల్ జోలికి పోకుండా చెప్పిన పని చేసిపెడుతుంది. ఆ సందూ మూయాలంటే అదే ఎగ్జెక్ లైనును .బ్యాష్‌ఆర్‌సీలో కూడా, కేస్ పరీక్షకు పైన పెట్టండి. ఆ పరీక్షను ఇందాకే అడుగుకి జరిపారు కదా, ఎక్కడ పెట్టినా పైనే.