రెండు బొక్కల పంచాయితీ

మా మేనల్లుడు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ కొలువు చేస్తాడు. ఆఫీసుకు సైకిల్ మీదనే పోవాలని ఒట్టు పెట్టుకొని నాలుగు నెలలైంది. ఇంకా ఒక్కరోజూ పోలేదు. లాప్‌టాప్, టిఫిన్ డబ్బా, మార్చుకునే అంగీ పెట్టుకోవడానికి క్యారియర్ కుదరలేదట. క్యారియర్ అంటే వాడికి కోపం, ‘ర్యాక్’ అనాలి. దానికి తగిలించేదాన్ని సంచి అనగూడదు, ‘ప్యానియర్’ అనాలి. ఆ మాటకు పాత ఫ్రెంచిలో అర్థం రొట్టెల బుట్ట. బుట్ట ధర అడిగి నేను మంచం మీద కూర్చున్నాను.

దసరాకు సైకిల్‌తో సహా మా ఊరు తిరుమలగిరి వచ్చాడు. తొక్కుకుంటూ కాదు. కారు వెనక ఇనుప చట్రం, దానిమీద సైకిల్. మా అమ్మ చుట్టూ తిరిగి చూసింది.

“ఖరాబైందా బిడ్డా?”

“లేదమ్మమ్మా, కొత్తది.”

“మరి కారెందుకు మోస్తున్నది?”

జవాబు రాలేదు. అప్పుడే గమనించాను. సైకిల్‌కు క్యారియర్ లేదు గానీ, సైకిల్‌ను మోయడానికి కారుకు క్యారియర్ ఉంది! హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పు వేసి 23 కిలోమీటర్ల సైకిల్ దారి తెరిచారు. నీడలో తొక్కుకోవచ్చు, మంచిదే. కానీ అక్కడికీ చాలామంది సైకిళ్లు ఇట్లనే కార్లెక్కి వస్తాయి, నడవలేని ముసలాయనను గుడికి తీసుకొచ్చినట్టు.

ఇక పొంతనల సంగతి. చట్రానికి వెనక రెండు బొక్కలుంటే మరలు బిగించి ర్యాక్ నిలబెట్టొచ్చు. వీడి సైకిల్‌కు బొక్కలు లేవు. ఇరుసుకు బిగిద్దామంటే నట్లు లేవు, చేత్తో విప్పే మీట ఉంది. పక్కనుంచి పోనిద్దామంటే డిస్క్ బ్రేకు అడ్డం. ర్యాక్ కుదిరినా సంచి కొక్కెం కుదరాలి. ర్యాక్ కడ్డీ 8 మిల్లీమీటర్లా, 10, 12, 16నా అని కొలవాలి. అదీ అయ్యాక, తొక్కేటప్పుడు మడమ సంచికి తగులుతుందా చూడాలి. పిల్లకు సంబంధం చూసినప్పుడు కూడా మా ఇంట్లో ఇన్ని అడగలేదు. చివరికొక ర్యాక్‌ను మా ఊరి చిరునామాకు తెప్పిస్తే, అది ముందు సికింద్రాబాద్ తిరుమలగిరికి పోయింది, తర్వాత నాగార్జునసాగర్ దిక్కున్న తిరుమలగిరికి పోయింది. మాదాకా వచ్చేసరికి తెలిసింది, అదీ పట్టదని.

నా చిన్నప్పుడు సైకిల్ కొంటే స్టాండు, మడ్‌గార్డులు, చైన్ కవరు, బెల్లు, క్యారియర్ అన్నీ వెంట వచ్చేవి. హీరో కానీ, అట్లాస్ కానీ, హెర్క్యులిస్ కానీ, చక్రం అదే 28 అంగుళాలు. ఏ క్యారియర్‌నైనా సైకిల్ ట్యాక్సీ మిస్త్రీ ఇరుసు నట్ల కింద పెట్టి, సీటు కింద బోల్టుకు కలిపి, బీడీ ఆరేలోపు బిగించేవాడు. ‘కంపాటిబిలిటీ’ అనే మాటకు మిస్త్రీ దగ్గర తెలుగు లేదు, ఉర్దూ లేదు. అవసరం పడలేదు మరి. (ఆ అట్లాస్ వాళ్లు సాహిబాబాద్ ఫ్యాక్టరీ ఆపేసింది 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు. వ్యంగ్యం రాసేవాడికి పని మిగల్చకుండా పోయారు.)

వీడి ర్యాక్ మీద చీటీ ఉంది: 25 కిలోలకు మించరాదు. నిండు గ్యాస్ సిలిండరే 30 కిలోల దాకా తూగుతుంది. అటువంటివి రెండు క్యారియర్‌కు చెరో దిక్కు వేలాడదీసుకొని తొక్కినవాళ్లను చూశాం. యూరియా బస్తా 45 కిలోలు, అదీ క్యారియర్ మీదే వచ్చేది, దొరికినప్పటి మాట అనుకోండి. హ్యాండిల్‌కు మోకు, వెనక రెండు దిక్కులా లొట్లు కట్టుకొని గౌడన్న గతుకుల బాటలో వస్తుంటే చుక్క కల్లు ఒలికేది కాదు. ఆయనిప్పుడు ఎక్సెల్ బండికి మారాడు. మనిషి బరువుతో తిరుగుతాడని మోపెడ్ కంపెనీకి తెలిసింది, సైకిల్ కంపెనీ మరిచిపోయింది.

పక్క సంచులు చెడ్డవని అనను. బరువు కిందికి దిగుతుంది, సైకిల్ తూలదు, మే నెల ఎండలో వీపు ఉడకదు. వాటిలో పేరున్న జర్మనీ ఆర్ట్‌లీబ్ కథ కూడా నాకిష్టం. హార్ట్‌మట్ ఆర్ట్‌లీబ్ అనే కుర్రాడు ఇంగ్లండులో సైకిల్ యాత్రకు పోయి వానలో తడిసి ముద్దయ్యాడు. పక్కనుంచి పోయే లారీల మీది టార్పాలిన్ చూసి, ఇంటికొచ్చి అదే గుడ్డతో సంచులు కుట్టాడు. 1982లో కంపెనీ పెట్టాడు. అంటే మా వాడు మొక్కుతున్నది లారీ పరదాకు. మా దగ్గర వడ్లు కొనే ఐకేపీ సెంటర్లలో కుప్పల మీద కప్పేదీ అటువంటి పరదానే.

నా కోపం సంచుల మీద కాదు, మాయమైన ఆ రెండు బొక్కల మీద. క్యారియర్ పీకేసి ‘స్పోర్ట్స్ లుక్’ అన్నది కంపెనీలే. పీకిన చోట పెట్టడానికి ర్యాక్ విడిగా అమ్మేదీ ఆ వ్యాపారమే. నగరం వాడికి ఇది కాలక్షేపం. మా ఊరి బడిపిల్లలకు కాదు. గేరు సైకిల్ అని మురిసి కొనిపెట్టిన తండ్రి, పుస్తకాల సంచి ఎక్కడ పెట్టాలో అడగలేదు. పిల్లవాడు వీపు మీద మోస్తూ వంగి తొక్కుతాడు, దోస్తు వెనక ఇరుసు మీద కాలు పెట్టి నిలబడతాడు. బడి సంచి పిల్లవాడి బరువులో పదో వంతు దాటకూడదని కేంద్రం 2020లో విధానం రాసింది. పుస్తకాలు తూకం వేశారు గానీ, వాటిని మోయాల్సిన క్యారియర్ ఏమైందని ఎవరూ అడగలేదు.

సరే, మా వాణ్ణి మిస్త్రీ దగ్గరికి తీసుకుపోయాను. సైకిల్‌ను తలకిందులు చేసి చూశాడు.

“బొక్కలు లేవు సారూ. పైసలెన్ని పెట్టిండ్రు?”

చెప్పాను. “గింత పెట్టి రెండు బొక్కలు కొనలేదా!” అన్నాడు.

బోరు పైపుల క్లిప్పులు తెచ్చి, పాత ట్యూబు ముక్క చుట్టి, గొట్టాలకు బిగించాడు. అటకమీది నల్ల క్యారియర్ దించి, బ్రేకు తగలకుండా ఒక కాలు వంచి ఎక్కించాడు. లారీ సీట్లు కుట్టే ఆయన మిగిలిన పరదాతో రెండు సంచులు కుట్టి మధ్యలో పట్టీ వేశాడు. మా అమ్మ అందులో మక్క గారెలు, పచ్చడి సీసా సర్దింది. వాడు ఊరంతా తిరిగొచ్చాడు, మడమ తగల్లేదు.

పొద్దున బయలుదేరేముందు సైకిల్‌ను కారెక్కించబోతే క్యారియర్ పోయి వెనక అద్దానికి ఆనింది. ఎటు తిప్పినా పట్టలేదు. ఇప్పుడు మా వాడు కారుకు కొత్త ర్యాక్ వెతుకుతున్నాడు.