చలాన్ల బాబాయ్

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి బాబాయ్ వరండా ముందు నాలుగు జతల చెప్పులున్నాయంటే, కాలనీలో ఎవరికో మెసేజ్ వచ్చిందని అర్థం. వచ్చినవాళ్లు కూర్చోరు, గోడకానుకుని నిలబడతారు. ఒకరి చేతిలో ఆర్సీ ఉంటుంది, ఒకరి చేతిలో బండి తాళం. ఇంకొకడు అరచేతిలో పెన్నుతో నంబరు రాసుకొస్తాడు. బాబాయ్ పడక్కుర్చీలో వెనక్కి వాలి, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, "నంబరు చెప్పు" అంటాడు. జాతకం చూసేవాడు నక్షత్రం, పాదం అడిగినట్టే.

ఆయన నాకు సొంత బాబాయ్ కాదు, కాలనీ మొత్తానికి బాబాయే. హైదరాబాద్‌లో ప్రతి కాలనీకీ ఇలాంటివాడు ఒకడుంటాడు. నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో చెప్పేవాడు వేరు, రేషన్ కార్డు సంగతులు చెప్పేవాడు వేరు. ఈయన శాఖ చలాన్లు.

నంబరు కొట్టగానే, మనం మనుషులమేనని నమ్మడానికి సైటు ఓ చిన్న కూడిక అడుగుతుంది. "ముప్పై నాలుగేళ్లు పద్దులు రాసినవాణ్ణి. 7, 5 కలిపితే ఎంతని నన్నడుగుతుందిరా ఇది" అని గొణిగి, 12 కొడతాడు. పట్టిక తెరుచుకుంటుంది. తేదీ, టైము, చోటు, ఏ స్టేషన్ పరిధి, ఏం తప్పు, ఎంత జరిమానా, చివర యూజర్ చార్జీలు 35. "హెల్మెట్ లేనందుకు జరిమానా. లేదని నీకు చెప్పినందుకు 35" అని తాత్పర్యం చెబుతాడు. ఆ తర్వాత ఉగాదినాడు పంచాంగం చదివే గొంతుతో మొదలుపెడతాడు: "ఆదాయం సున్నా. వ్యయం పద్నాలుగు. రాజపూజ్యం మూడుచోట్ల కనబడుతోంది: ఉప్పల్ రింగురోడ్డు, హబ్సిగూడ, తార్నాక."

అవమానం ఎంతో మాత్రం పైకి చదవడు. ఎందుకంటే ప్రతి చలాన్ పక్కనా ఓ ఫొటో ఉంటుంది. పరీక్షల ముందు ఫ్రెండింట్లో చదువుకుంటున్నానని చెప్పిన కుర్రాడు, అదే సాయంత్రం 5 గంటల 40 నిమిషాలకు ట్యాంక్‌బండ్ మీద ఒకే బండిపై ముగ్గురిలో ఒకడిగా దొరికిపోతాడు. 1200 రూపాయలు. పక్కనే వాళ్లమ్మ నిలబడి ఉంటుంది. అందుకే బాబాయ్ ఫొటో ముందు తనొక్కడే చూస్తాడు. అవసరమైతే ఫోను బోర్లా పెట్టేసి, "అమ్మా, కాస్త మంచినీళ్లు పట్రా" అంటాడు. ఆవిడ తిరిగొచ్చేలోపు కుర్రాడి వైపు చూసి, "వెనక కూర్చున్నదెవరో నాకనవసరం. ఆ తల మీద హెల్మెట్ లేదు. నా పరిధి అంతవరకే" అంటాడు. నగరంలో ఇన్ని సంసారాలు నిలబడ్డాయంటే ఇలాంటి మధ్యవర్తుల పుణ్యం కొంత ఉండే ఉంటుంది.

కొన్ని కేసులు ఆయన ముట్టుకోడు. తాగి నడిపి పట్టుబడ్డవాడొస్తే, "ఇది ఫోనులో నొక్కితే పోయేది కాదు నాయనా. ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని గోషామహల్‌లో కౌన్సెలింగ్‌కి కూర్చోవాలి, ఆనక కోర్టుకెళ్లాలి" అని చేతులెత్తేస్తాడు. మీకు చలాన్ పడిందంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వచ్చిందని ఎవరైనా ఫోను చూపిస్తే మాత్రం కుర్చీలోంచి లేస్తాడు. "తెరిచావా? తెరవలేదు కదా? పోలీసు చలాన్‌కి సైటుంది, నీ నంబరు నువ్వే కొట్టి చూసుకోవాలి. ఫైలు పంపేవాడు పోలీసు కాదు, దొంగ" అని అరుస్తాడు. ఈ ఒక్క విషయంలో ఆయన గొంతులో పంచాంగం ఉండదు.

ఇంతకీ అందరికీ లెక్క చెప్పే ఈ పెద్దమనిషి తన చలాన్లు కడతాడా అంటే, కట్టడు. అదొక సిద్ధాంతం. "చలాన్ పడ్డరోజే కట్టేవాడు, ఆషాఢానికి వారం ముందు పట్టుచీర కొన్నవాడితో సమానం" అంటాడు. ఆయన దగ్గర చరిత్ర ఉంది. 2022 మార్చి 1న ప్రభుత్వం రాయితీ తలుపు తెరిచింది. ద్విచక్ర వాహనాలకు 75 శాతం మాఫీ, కార్లకు 50 శాతం. కరోనా నాటి మాస్కు చలాన్ వెయ్యి రూపాయలది వందతో పోయింది. నెలాఖరుకు మూస్తామన్న తలుపును ఏప్రిల్ 15 దాకా తెరిచే ఉంచారు. మళ్లీ 2023 డిసెంబరు 26న తెరిచారు. ఈసారి బండ్లకు 80 శాతం, కార్లకు 60, ఆర్టీసీ బస్సులకూ తోపుడు బండ్లకూ 90. జనవరి 10 అన్న గడువు జనవరి 31 అయింది, అది ఫిబ్రవరి 15 అయింది. ఈ తేదీలన్నీ బాబాయ్‌కి కంఠతా వచ్చు. పిన్ని పుట్టినరోజు రాదు.

ఎదురింటి మాస్టారు 2022 ఫిబ్రవరి చివరి వారంలో తన చలాన్లన్నీ పూర్తిగా కట్టేసి, రసీదులు ప్రింటు తీయించి ఫైలులో పెట్టుకున్నారు. నాలుగు రోజులు తిరక్కుండానే రాయితీ వచ్చింది. ఆయన బాబాయ్‌తో రెండు నెలలు మాట్లాడలేదు. ఇందులో బాబాయ్ తప్పేమిటో ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

2024 ఫిబ్రవరి 15 తర్వాత బాబాయ్ మూడో తలుపు కోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు. ప్రతి పండక్కీ ఎవరో ఒకరు వాట్సాప్‌లో రాయితీ వచ్చిందని పంపిస్తారు, సాయంత్రానికల్లా అది ఉత్తదని తేలుతుంది. ఆయన నిరాశపడడు. "వడ్డీ లేని అప్పురా అబ్బాయ్, కంగారేముంది" అంటాడు. సంక్రాంతికి విజయవాడ నుంచి వచ్చిన ఆయన బావమరిది, అక్కడ 2025 మార్చి నుంచి హెల్మెట్ లేకపోతే వెయ్యి గుంజుతున్నారని చెప్పాడు. బాబాయ్ అతన్ని, పరాయి దేశంలో చిక్కుకుపోయినవాణ్ణి చూసినట్టు చూసి, ఇంకో రెండు అరిసెలు వేయించాడు.

హెల్మెట్ లేదా అంటే ఉంది. ఐఎస్ఐ మార్కుది, మంచిది. మోచేతికి తగిలించుకుని నడుపుతాడు. సిగ్నల్ ఇంకో యాభై గజాలుందనగా తలకెక్కిస్తాడు, దాటగానే మళ్లీ మోచేతికి దించుతాడు. ఏ వేపచెట్టు నీడన ఏ కానిస్టేబుల్ కెమెరా పట్టుకుని నిలబడతాడో ఆయనకు తెలుసు. కానీ చెట్టు మారిన రోజుంటుంది కదా, ఆ రోజుల లెక్క ఇప్పటికి పదకొండు. నేను మాత్రం ఈ విషయంలో పోలీసుల పక్షం. ఆ సంగతి చెబితే, "నువ్వింకా చిన్నవాడివి" అన్నాడు. నాకు నలభై రెండేళ్లు.

అసలు కథ ఆయన పాత స్కూటరుది. 2016లో దాన్ని ఓ సెకండ్‌హ్యాండ్ బండ్ల కన్సల్టెన్సీలో అమ్మేశాడు. ఫారం 29, ఫారం 30 మీద ఖాళీగానే సంతకాలు పెట్టి, డబ్బులు లెక్కపెట్టుకుని బస్సెక్కి వచ్చేశాడు. అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో, కొన్నవాడు ముప్పై రోజుల్లో ఆర్టీఏకి తెలియజేయాలని చట్టంలో ఉంది. ఇద్దరూ తెలియజేయలేదు. ఆ కాగితాలు ఏ సొరుగులో ఉన్నాయో కూడా తెలీదు. కన్సల్టెన్సీ ఉన్నచోట ఇప్పుడు టిఫిన్ సెంటరుంది. బండి ఎవరు కొన్నారో బాబాయ్‌కి తెలీదు. చలాన్లు మాత్రం ఆయన ఫోనుకే వస్తాయి.

2017లో మొదటిది వచ్చినప్పుడు మండిపడ్డాడు. ఫొటోలో సన్నటి కుర్రాడు, గళ్ల చొక్కా, హెల్మెట్ లేదు. ఫొటో వెనకనుంచే తీస్తారు, నంబరు ప్లేటు కనబడాలి కాబట్టి. కుర్రాడి వీపే తప్ప ముఖం లేదు. "దొరికాడంటే వీపు విమానం మోత మోగిస్తాను" అన్నాడు బాబాయ్. 2018లో ఇంకోటి. చొక్కా మారింది, బండికి కొత్త సీటు కవరు పడింది. "పర్లేదు, బండిని బాగానే చూసుకుంటున్నాడు" అన్నాడు. 2020లో వెనక ఓ అమ్మాయి కూర్చుంది, జడలో మల్లెలు. వెనక కూర్చున్నవాళ్లకు హెల్మెట్ లేదని 100. ఆ రోజు సాయంత్రం పిన్నిని పిలిచి ఫోను చూపించాడు: "మనవాడికి పెళ్లయింది."

మనవాడు!

తర్వాతి ఏడు మాస్కు లేదని వెయ్యి. రోడ్డు మీద ముక్కూ మూతీ కప్పుకోని ఆ బాధ్యత లేనితనానికి బాబాయ్ ఫోను పట్టుకుని అరగంట తిట్టాడు, కన్నకొడుకుని తిట్టినట్టు. 2022 రాయితీలో తన చలాన్లతోపాటు ఆ కుర్రాడివి కూడా కట్టేశాడు. నా పేరు మీద ఉన్నవి కాబట్టి కట్టాను, అంతకుమించి ఏమీ లేదని కాలనీ అంతా తిరిగి చెప్పాడు.

2023 నవంబరులో ఇంకో ఫొటో వచ్చింది. ముందు ఆ వీపే, కాస్త వెడల్పయింది. వెనక ఆ అమ్మాయి. ఆమె భుజం మీదనుంచి, కెమెరా వైపే తిరిగి చూస్తూ రెండేళ్ల పాప. బుగ్గన దిష్టిచుక్క. ఆరేళ్ల కథలో ఆ కుటుంబంలో కనబడిన మొదటి ముఖం అదే. బాబాయ్ ఆ ఫొటోను ఎంత పెద్దది చేయవచ్చో అంతా చేసి చూశాడు. రాయితీ తలుపు తెరిచేదాకా చలాన్లు ఆగాలన్న సిద్ధాంతం తెలుసు కదా? ఆ చలాన్ నెల తిరక్కుండానే కట్టేశాడు. 100, 100, పైన 35. రాయితీ ఇంకా పదిహేను రోజులుందనగా. "బాబాయ్, నష్టపోయావు" అంటే, "పాప ఉంది కదరా. చంటిపిల్ల ఉన్న బండిని ఎక్కడైనా ఆపి, బాకీ ఉందంటే ఎండలో నిలబడాలి" అన్నాడు.

ఆ బండి పేరు మార్పించడం పెద్ద పనేం కాదు, నాతో రా, ఆర్టీఏ ఆఫీసులో కనుక్కుందాం అని నేను మూడుసార్లు అన్నాను. ఒకసారి మోకాలి నొప్పి అన్నాడు. ఒకసారి అమావాస్య అన్నాడు. మూడోసారి, "మార్పిస్తే ఫొటోలు వాడి ఫోనుకి పోతాయి కదా" అన్నాడు.

ఆ తర్వాత మరి చలాన్ రాలేదు. హెల్మెట్లు పెట్టుకుంటున్నారేమో, బండి మార్చారేమో తెలీదు. అయినా ప్రతి ఆదివారం అందరూ వెళ్లిపోయాక బాబాయ్ ఆ పాత నంబరు కొట్టి, కూడిక చేసి, బాకీలేవీ లేవని చూసుకుని, కాసేపు అలాగే కూర్చుంటాడు.

2016లో హైదరాబాద్‌లో గ్రే రంగు స్కూటరు, ఎడమవైపు అద్దం విరిగినది, కొన్న తమ్ముడూ, ఇది చదువుతుంటే నీకో మాట. నీమీద కేసూ లేదు, కోపమూ లేదు. పాపను ఏ బళ్లో వేశారో వచ్చి చెప్పిపో. హెల్మెట్ పెట్టుకునే రా, బాబాయ్ ముందు అదే చూస్తాడు.